నిర్వాహకుని మార్పుకు రక్షణ: ప్యాకేజీ నవీకరణలో కాన్ఫిగరేషన్ ఫైళ్ల చరిత్ర

సాఫ్ట్‌వేర్‌ను నవీకరించినప్పుడు, స్థానిక అవసరాలకు అనుగుణంగా నిర్వాహకుడు చేసుకున్న మార్పులు ఏమవుతాయన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు. యంత్రంపై తుది నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న కూడా. ఉదాహరణకు, దాచేపల్లిలోని ఒక కళాశాల సర్వర్‌లో పాస్‌వర్డ్‌తో ప్రవేశాన్ని నిర్వాహకుడు నిషేధించాడనుకుందాం. కొత్త ప్యాకేజీ ఆ ఫైలు స్థానంలో తన ఫైలును ఉంచితే, మూసిన ద్వారం ఎవరికీ తెలియకుండానే తెరచుకుంటుంది. లైనక్స్ పంపిణీలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లో ప్యాకేజీల వ్యవహారాన్ని డీపీకేజీ అనే సాధనం చూస్తుంది. గతంలో ప్యాకేజీతో వచ్చిన ఫైలు, యంత్రంలో ఇప్పుడున్న ఫైలు, కొత్తగా వచ్చిన ఫైలు అనే మూడింటిని అది పోల్చుతుంది. నిర్వాహకుడు మార్చకపోతే కొత్తది స్థానం పొందుతుంది. అతడొక్కడే మార్చితే పాతది నిలుస్తుంది. ఇరువైపులా మార్పు జరిగితే సాధనం నిర్వాహకుణ్ణి అడుగుతుంది. అతడు కేవలం ఎంటర్ నొక్కినా అతని ఫైలే మిగులుతుంది. నవీకరణలో స్థానిక మార్పులను కాపాడాలన్నది డెబియన్ విధానపత్రంలో తప్పనిసరి నియమం.

రెడ్‌హ్యాట్ సంస్థ ఆర్‌పీఎం మార్గం కొంత భిన్నమైనది. రెండు వైపులా మార్పు జరిగిన సందర్భంలో అది ప్రశ్నించదు. ప్యాకేజీ రూపకర్త నిర్దేశాన్ని బట్టి, పాత ఫైలును 'ఆర్‌పీఎంసేవ్' పేరుతో పక్కన పెట్టడమో, కొత్త ఫైలును 'ఆర్‌పీఎంన్యూ' పేరుతో పక్కన ఉంచడమో చేస్తుంది. ఇక్కడ నిర్ణయంలో అధిక భాగం రూపకర్తదే.

స్క్రిప్టుల ద్వారా తయారయ్యే ఫైళ్లకు డీపీకేజీ పద్ధతి నేరుగా వర్తించదు. ఆ లోటును తీర్చడానికి డెబియన్‌లో మనోజ్ శ్రీవాస్తవ 'యూసీఎఫ్' అనే సాధనాన్ని రూపొందించాడు. స్వేచ్ఛ సంస్థ తెలుగు వారి కోసం తీర్చిదిద్దిన నిర్వాహక వ్యవస్థ కూడా డెబియన్ ఆధారితమే కావడంతో, ఈ సంప్రదాయం తెలుగు వాడుకరులకూ వారసత్వంగా అందింది.

అయితే రక్షణకూ ఒక మూల్యం ఉంది. పాత ఫైలును యథాతథంగా నిలిపితే, కొత్త ఫైలులోని భద్రతా సవరణ దూరమయ్యే అవకాశం ఉంది. ఈ చిక్కును తగ్గించేందుకు 2010లో వెలువడిన సిస్టమ్‌డీ వంటి వ్యవస్థలు పంపిణీదారు ఫైళ్లను, నిర్వాహకుని ఫైళ్లను వేర్వేరు డైరెక్టరీలలో ఉంచాయి. నిర్వాహకుడు తనకు కావలసిన వరుసలను మాత్రమే వేరే ఫైలులో రాసుకుంటాడు. మిగిలినవి నవీకరణతో పాటు మారుతూ ఉంటాయి.

పోల్చడం నుంచి వేరు చేయడం వరకు సాగిన ఈ పరిణామంలో ఒక సూత్రం స్థిరంగా కనిపిస్తుంది: దూరాన ఉన్న రూపకర్త కంటే, యంత్రం దగ్గర బాధ్యత వహించేవాడి మాటకే ప్రాధాన్యం దక్కాలి.