తాడు నుంచి కట్టు దాకా

1965 క్రిస్మస్ రోజు. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మస్కీగన్ ఊళ్లో షెర్మన్ పాపెన్ ఇల్లు పిల్లల అల్లరితో హోరెత్తిపోతోంది. గర్భవతిగా ఉన్న భార్య నాన్సీ, ఆడపిల్లలిద్దరినీ కాసేపు బయట ఆడించమని అడిగింది. ఇంటి వెనక ఇసుకదిబ్బ నిండా మంచు. పాపెన్‌కి అది గడ్డకట్టిన కెరటంలా కనిపించింది. కెరటం మీద నిలబడి జారేవాళ్లున్నప్పుడు దీని మీద మాత్రం ఎందుకు జారకూడదు అనుకున్నాడు. పిల్లల స్కీలు రెండింటిని పక్కపక్కన చేర్చి అడ్డచెక్కలు బిగించాడు. పిల్లలు పక్కకు తిరిగి దాని మీద నిలబడి దిబ్బ దిగారు.

స్నో, సర్ఫ్ రెండూ కలిపి దానికి ‘స్నర్ఫర్’ అని పేరు పెట్టింది నాన్సీయే. మరుసటి ఏడాదే బౌలింగ్ సామాన్లకు పేరుపడ్డ బ్రన్స్‌విక్ కంపెనీ తయారీ హక్కులు తీసుకుంది. పదేళ్లలో లక్షల స్నర్ఫర్లు అమ్ముడయ్యాయి.

ఆ స్నర్ఫర్‌ని దగ్గరగా చూస్తే నాలుగడుగుల చెక్క, పైకి తిరిగిన మొన, మొనకు ఒక తాడు. పాదం జారకుండా నిలబడే చోట గరుకు కోసం చిన్న లోహపు పిన్నులు. అంతకుమించి ఏమీ లేదు. అంచులకు ఉక్కు లేదు, కాళ్లకు కట్టు లేదు. చేత్తో తాడు పట్టుకుని, ఒంటి బరువును అటూ ఇటూ మారుస్తూ దిగడమే. ఈనాటి స్నోబోర్డు మీద ఉన్న ప్రతి పట్టీ, ప్రతి వంపు ఇందులో లేనిదాన్ని ఒక్కొక్కటిగా తీర్చుకుంటూ వచ్చినదే. పాదాన్ని పలకకు ఎలా జతపరచాలన్న ప్రశ్నే ఈ చరిత్రకు వెన్నెముక.

పాపెన్‌కి ముందూ ఇలాంటి ఆలోచన వచ్చినవాళ్లున్నారు. మినసోటాకు చెందిన వెర్న్ విక్‌లండ్ మరో ఇద్దరితో కలిసి 1939లోనే ఇలాంటి పలకకు పేటెంట్ పొందాడు. 1963లో న్యూజెర్సీ కుర్రాడు టామ్ సిమ్స్ బడిలో వడ్రంగం క్లాసులో ఒకటి చేసుకున్నాడు. కానీ ఊరూరా పిల్లల చేతికి చేరింది స్నర్ఫరే. అలా అందుకున్న వాళ్లలో పద్నాలుగేళ్ల జేక్ బర్టన్ కార్పెంటర్ ఒకడు.

1977లో అతను వెర్మాంట్‌లోని లండన్‌డెరీలో పలకల కంపెనీ పెట్టాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. చెక్క పొరలు అతికించడం, వంచడం, కొండ మీద తొక్కి చూడడం, విరిగితే మళ్లీ మొదలుపెట్టడం. ఇలా వంద దాకా నమూనాలు తయారుచేశాడు. మొదటి ఏడాది అమ్ముడైనవి మూడొందలే. 1979లో మస్కీగన్‌లో జరిగిన స్నర్ఫర్ పోటీకి అతను తన పలకతో వచ్చాడు. దాని మీద పాదాన్ని పట్టి ఉంచే పట్టీ ఉంది. ఇది స్నర్ఫర్ కాదంటూ కొందరు అభ్యంతరం చెప్పారు. వాదన ముదిరి, చివరికి అతని కోసమే వేరే విభాగం పెట్టారు. పోటీదారులు లేని ఆ విభాగంలో గెలుపు అతనిదే. ఆ రోజు తలెత్తిన తగాదా అంతా ఒక పట్టీ గురించే. ఆటకు కొత్త దారి తెరిచిందీ ఆ పట్టీయే.

అదే దశాబ్దంలో పడమటి కొండల్లో, యూటాలో, డిమిట్రీ మిలోవిచ్ వేరే చిక్కు విప్పుతున్నాడు. అక్కడ కురిసేది పిండిలాంటి మంచు. చదును పలకైతే మొన కూరుకుపోయి మనిషి ముందుకు బొక్కబోర్లా పడతాడు. మిలోవిచ్ తన వింటర్‌స్టిక్ పలకల తోకను రెండుగా చీల్చాడు. వెనక భాగం కొద్దిగా మునిగి, మొన దానంతటదే పైకి లేస్తుంది. ఇప్పటికీ లోతు మంచు కోసం చేసే బోర్డుల్లో వెడల్పు మొన, కురచ తోక, కాళ్లు కాస్త వెనక్కి జరిపి బిగించే ఏర్పాటు ఉంటాయంటే ఆ సూత్రమే కారణం.

గట్టి మంచు మీద మాత్రం తోక పని చేయదు, అంచు చేయాలి. అందుకే పలక అంచులకు ఉక్కు వచ్చింది, నడుము వచ్చింది. బోర్డును నిలబెట్టి చూస్తే మొనా తోకా వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉంటుంది. ఒక పక్కకు ఒరిగిస్తే ఆ సన్నని నడుము వంగి, అంచు వృత్తంలో ముక్కలా మంచును కోస్తుంది. ఈలోగా స్కీ కొండల యజమానులూ మెత్తబడ్డారు. 1983లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కొండ స్నోబోర్డర్లను రానిచ్చింది. పదిహేనేళ్లకే, 1998 నాగానో ఒలింపిక్స్‌లో ఈ ఆటకు పతకాలిచ్చారు. యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ మాత్రం ఇప్పటికీ స్కీవాళ్లకే పరిమితం.

కట్టు విషయానికొస్తే, పట్టీ ఒక్కటే చాలలేదు. వేళ్ల వైపు ఒరగడం సులువు, పిక్క బలం తోడొస్తుంది. మడమ వైపు ఒరిగితే మెత్తటి చలికాలపు బూటు వెనక్కి మడత పడుతుంది. 1983 ప్రాంతంలో జెఫ్ గ్రెల్ కట్టు వెనక నిలువుగా ఒక ఆసరా పెట్టాడు. పిక్కను దానికి ఆనిస్తే చాలు, మడమ అంచు లేస్తుంది. ఇవాళ దుకాణంలో కనిపించే పట్టీల కట్టుల్లో అదే ఆసరా. 1990ల్లో పట్టీలే లేకుండా బూటు అడుగున కొక్కెం తగిలే కట్లు వచ్చాయి గానీ మంచు ఇరుక్కోవడం, పట్టు బిగుసుగా ఉండడం వల్ల కనుమరుగయ్యాయి. తర్వాత 2017లో జేక్ పెట్టిన బర్టన్ కంపెనీ ‘స్టెప్ ఆన్’ పేరుతో ఆ ఆలోచనకు కొత్త రూపమిచ్చింది.

కొత్తవాళ్లు డబ్బంతా బోర్డు మీద పెడతారు. అది పొరపాటు. ముందు చూడాల్సింది బూటు. లోపల మడమ లేచిందంటే ఎంత మంచి బోర్డైనా మాట వినదు. లేసు స్థానంలో బొత్తాం తిప్పితే ఉక్కుతీగ బిగుసుకునే ‘బోవా’ పద్ధతి 2001లో తొలిసారి వచ్చింది స్నోబోర్డు బూట్లలోనే. రూపకర్త గ్యారీ హామర్‌స్లాగ్. పాదం పెద్దదైతే బోర్డు నడుమూ వెడల్పుండాలి. లేకపోతే మలుపులో వేళ్లు మంచుకు రాసుకుని మనిషిని పడేస్తాయి. పడితే చేతులు ముందుకు చాస్తాం కాబట్టి స్నోబోర్డర్లకు ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు. హెల్మెట్‌తో పాటు మణికట్టు రక్షణ కూడా కొనడం అవసరం.

ఇక బోర్డు వంపు. పాత పద్ధతి బోర్డును నేల మీద పెడితే మధ్య భాగం విల్లులా లేచి, మొన, తోక దగ్గర మాత్రమే నేల తాకుతుంది. దాని మీద నిలబడితే చదునై, అంచు పొడవునా బరువు సమంగా పడుతుంది. 2000ల మధ్యలో లిబ్ టెక్ కంపెనీ ‘స్కేట్ బనానా’ బోర్డు వచ్చి ఈ వంపును తలకిందులు చేసింది. మధ్య కిందికి, కొసలు పైకి. అంచు దిగబడి పడిపోయే భయం తగ్గింది, గట్టి మంచు మీద పట్టూ కొంత తగ్గింది. ఇవాళ్టి బోర్డుల్లో ఎక్కువ భాగం ఈ రెంటి కలయికే.

ఎగిరి గిరికీలు కొట్టేవాళ్లకు మొనా తోకా ఒకేలా ఉన్న మెత్తని బోర్డు, కొండంతా తిరిగేవాళ్లకు మొన కొంచెం పొడుగున్న మధ్యరకం. పందేల బోర్డు మాత్రం వేరే జాతి. సన్నగా, పొడుగ్గా, గట్టి ప్లాస్టిక్ బూట్లతో ఉంటుంది. లిఫ్టు లేని కొండలెక్కే వాళ్ల కోసం 1990ల్లో యూటాకు చెందిన బ్రెట్ కోబర్నిక్, వోయిలే కంపెనీ కలిసి బోర్డును నిలువునా రెండుగా కోశారు. ఎక్కేటప్పుడు రెండు స్కీలు, దిగేటప్పుడు కలిపితే ఒకే బోర్డు. పాపెన్ రెండు స్కీలను కలిపితే, వీళ్లు ఒక బోర్డును మళ్లీ రెండు చేశారు.

ఈ మలుపులేవీ తెలియకుండానే తుర్కియేలో నల్లసముద్రం పక్కన రిజే కొండల్లో, పెత్రాన్ గ్రామంలో, తరతరాలుగా ఒక చెక్కపలక మీద మంచు కొండ దిగుతున్నారు. బయటి ప్రపంచానికి వాళ్ల సంగతి తెలిసింది ఈ శతాబ్దంలోనే. కట్టు లేదు, ఉక్కు అంచు లేదు. ఒక చేతిలో మొనకు కట్టిన తాడు, రెండో చేతిలో దారి తిప్పడానికి కర్ర. మలుపు వచ్చిన చోట కర్రను మంచులో ఆనించి, మోకాళ్లు వంచి, తాడును తమ వైపు లాక్కుంటారు.