బకెట్ నీటితో కారు కడగడం

బకెట్ నీటితో కారు కడగడం అనగా రబ్బరు పైపు గాని, ధారగా వచ్చే కుళాయి గాని లేకుండా, కొద్ది బకెట్ల నీరు, ఒక మగ్గు, మెత్తని గుడ్డలతో ఇంటివద్దనే కారును శుభ్రపరిచే పద్ధతి. హైదరాబాదు నగరంలోని కవాడిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వంటి ప్రాంతాలలో ఇది నిత్యం కనిపించే దృశ్యం. శ్రద్ధగా చేస్తే ఈ పద్ధతి పైపుతో కడగడానికి ఏమాత్రం తీసిపోదు. అశ్రద్ధగా చేస్తే మాత్రం కారు రంగుపై శాశ్వతంగా గీతలు మిగులుతాయి.

నీటి నేపథ్యం

కవాడిగూడ హుస్సేన్ సాగర్ కట్టకు దిగువన ఉన్నది. ఇంత దగ్గరలో ఇంత పెద్ద చెరువు ఉన్నా, కుళాయి నీరు మాత్రం ఎంతో దూరం నుండి రావలసిందే. 1908లో వచ్చిన మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) చాలాకాలం నగరానికి ఆధారమయ్యాయి. తరువాత మంజీరా నీరు, 2004 నుండి కృష్ణా నీరు, 2015 నుండి గోదావరి నీరు నగరానికి చేరాయి. నూరు కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి, శుద్ధి చేసి తెచ్చిన నీరు ఇది.

నగరంలో చాలాచోట్ల కుళాయి నీరు రోజు విడిచి రోజు, కొద్ది గంటలు మాత్రమే వస్తుంది. దానిని సంపులో నిలువ చేసుకొని మోటారుతో పైట్యాంకుకు ఎక్కిస్తారు. కారు కడిగే తెల్లవారుజామున వీధి కుళాయిలో నీరు ఉండకపోవచ్చు. కనుక బకెట్ ఇక్కడ ఎంపిక కాదు, అవసరం.

మామూలు తోట పైపు నుండి నిమిషానికి సుమారు 10 నుండి 15 లీటర్ల నీరు వస్తుంది. పది నిమిషాలు వదిలితే 100 నుండి 150 లీటర్లు. భారత ప్రమాణాల సంస్థ నగరవాసి ఒకరికి రోజుకు సూచించిన నీరు 135 లీటర్లు. అంటే ఒక మనిషి దినభత్యం ఒక కారు మీదుగా కాలువలోకి పోతుంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. ఇంగ్లండులో నీటి ఎద్దడి కాలంలో పైపుల వాడకాన్ని నిషేధించినపుడు కూడా బకెట్‌తో కారు కడుక్కోవడానికి అనుమతి ఉంటుంది.

గీతలు పడటానికి కారణం

హైదరాబాదు నేల నల్లరాతి (గ్రానైటు) నేల. ఇక్కడి దుమ్ములో గాజుకంటె గట్టిదైన క్వార్ట్జ్ రేణువులు కలిసి ఉంటాయి. కారు రంగుపై రక్షణగా ఉండే పారదర్శకమైన పూత తల వెంట్రుక కంటె పలుచన. పొడిగుడ్డతో గాని, ఈకల బురుసుతో గాని దుమ్ము దులిపితే ఆ రేణువులు పూతను గీసివేస్తాయి. ఎండలో నల్లకారుపై సాలెగూడువలె కనిపించే సన్నని వలయాలు ఇటువంటి తుడుపు వలన ఏర్పడినవే. కాబట్టి మొదట తడపాలి, తరువాతనే తాకాలి.

విధానం

కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లారి ఉండాలి. వేడి రేకుపై సబ్బునీరు ఆరిపోయి మరకలు కడుతుంది. మొదట ఒక బకెట్ నీటిని మగ్గుతో పైకప్పు నుండి క్రిందకు మెల్లగా పోయాలి. మొక్కలకు నీరు చల్లే డబ్బా ఉంటే ఇంకా మంచిది. తక్కువ నీటితో ఎక్కువ మేర తడుస్తుంది. ఎండిన బురదను గీకరాదు, మరొకసారి తడిపి నాననివ్వాలి.

తరువాత రెండు బకెట్లు సగం వరకు నింపుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు. ఈ రెండవ బకెట్ కారుకు కాదు, గుడ్డకు. కారుపై ఒక భాగం రుద్దిన ప్రతిసారీ గుడ్డను మొదట మంచినీటిలో జాడించి, మట్టి దిగిన తరువాతనే సబ్బునీటిలో ముంచాలి. చాలామంది విడిచిపెట్టేది ఈ ఒక్క పనినే. చేతిని గుండ్రంగా కాక నిలువుగానో అడ్డంగానో నడపాలి. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, చివరకు క్రింది అంచులు అనే క్రమం పాటించాలి. చక్రాలకు వేరే గుడ్డ తప్పనిసరి; బ్రేకుల నుండి రాలిన ఇనుప పొడి అక్కడ పేరుకొని ఉంటుంది. చివర ఒక బకెట్ మంచినీరు పోసి వెంటనే మెత్తని పొడిగుడ్డతో అద్దాలి. 15 లీటర్ల బకెట్‌తో మొత్తం 45 లీటర్ల లోపే పని పూర్తవుతుంది.

బట్టల సబ్బుపొడి, గిన్నెల సబ్బు వాడరాదు. అవి రంగుపై ఉన్న మైనపు పూతను తొలగిస్తాయి.

ఏ నీరు వాడాలి

బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉండటం వలన ఆరిన చుక్కలు తెల్లమచ్చలై నిలుస్తాయి. ఇంటిలోని నీటిశుద్ధి యంత్రం విడిచే వ్యర్థజలంలో లవణాలు ఇంకా ఎక్కువ. దానిని చక్రాలకు వాడవచ్చు గాని చివరి కడుగుకు పనికిరాదు. ఏసీ నుండి కారే నీటిలో, పట్టి ఉంచిన వాననీటిలో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో బకెట్‌లో పట్టుకొన్న ఏసీ నీరు చివరి కడుగుకు మిక్కిలి శ్రేష్ఠం.

కడిగేవారు

అపార్టుమెంట్లలో ఈ పని సాధారణంగా వాచ్‌మన్ కుటుంబం గాని, నెలజీతానికి ఇంటింటికీ తిరిగి కార్లు తుడిచేవారు గాని చేస్తారు. యజమానులు కార్యాలయాలకు బయలుదేరేలోగా ఒక్కరే అనేక కార్లు ముగించాలి. అందువలన ఒకే బకెట్ నీరు, ఒకే గుడ్డ వరుసగా కారు నుండి కారుకు సాగుతాయి. మూడవ కారు నాటికి ఆ నీరు బురదనీరే. గీతలు పడితే మాట పడేది కడిగిన మనిషి. రెండవ బకెట్, ఉతికిన గుడ్డలు, చేతుల చర్మాన్ని పగులగొట్టని షాంపూ సమకూర్చవలసినది యజమాని అన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. చలికాలంలో గోరువెచ్చని నీరు ఇవ్వడం కారుకూ మనిషికీ మేలు.

మరకలు

చెట్లక్రింద నిలిపిన కార్లపై పక్షుల రెట్టలు పడటం మామూలు. రెట్టలోని ఆమ్లం ఎండవేడికి రంగును తింటుంది. తడిగుడ్డను దానిపై కొన్ని నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడిన తరువాత ఎత్తివేయాలి. దసరా ఆయుధపూజనాడు బానెట్‌పై పెట్టిన పసుపు, కుంకుమలను ఆ మరునాడే నీటితో తొలగించాలి. తెల్లకారుపై నిలిచిన పసుపు ఛాయను రుద్దనక్కరలేదు. ఎండ తగిలితే అదే వెలిసిపోతుంది. కుంకుమ ఛాయ మాత్రం అంత సులభంగా పోదు.