కళాశాల ప్రవేశాల కౌన్సెలింగ్ (హైదరాబాదు)

ఇంటర్మీడియట్ లేదా 12వ తరగతి పూర్తిచేసిన విద్యార్థులకు పై చదువుల కళాశాలలలో సీట్లు కేటాయించే ప్రక్రియను తెలుగు రాష్ట్రాలలో కౌన్సెలింగ్ అని పిలుస్తారు. కౌన్సెలింగ్ అన్న మాటకు అసలు అర్థం సలహా ఇవ్వడం, మార్గం చూపడం. అయితే తెలుగునాట వాడుకలో దీనికి సీటు కేటాయింపు అన్న అర్థమే స్థిరపడింది. ఏ కోర్సు ఎన్నుకోవాలి, ఏ కళాశాలకు దరఖాస్తు చేయాలి అన్న సలహా ఈ ప్రక్రియలో భాగం కాదు. దానిని విద్యార్థి వేరే చోట వెతుక్కోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల విద్యార్థులను ఉదాహరణగా తీసుకొని తెలంగాణలోని ప్రవేశ విధానం వివరించబడినది.

చరిత్ర

ఆంధ్ర ప్రదేశ్‌లో పూర్వపు పి.యు.సి. స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ విద్య 1969-70లో మొదలైనది. ఇంటర్మీడియట్ విద్యా మండలి 1971లో ఏర్పడింది. వృత్తి విద్యా కళాశాలలు సీట్లకు విరాళాలు వసూలు చేయడాన్ని నిషేధిస్తూ 1983లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఇంజనీరింగు, వైద్య, వ్యవసాయ కోర్సులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఎంసెట్ 1986 నుండి నిర్వహించబడింది.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విభజించింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు తీర్పుతో ఆ పద్ధతి రద్దయినది. ప్రస్తుతం తెలంగాణలోని ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోను, 30 శాతం సీట్లు యాజమాన్య కోటాలోను ఉన్నవి.

తొలినాళ్ళలో అభ్యర్థులు ర్యాంకుల వరుసలో కౌన్సెలింగ్ కేంద్రానికి స్వయంగా హాజరై, అప్పటికి మిగిలి ఉన్న సీట్లలో ఒకదానిని అక్కడికక్కడే ఎంచుకొనేవారు. తరువాత ఇంటర్నెట్ ద్వారా ఆప్షన్లు నమోదు చేసే వెబ్ కౌన్సెలింగ్ వచ్చింది. దీనివలన ప్రయాణ భారం తగ్గినది గాని, ఎన్ని సీట్లు మిగిలి ఉన్నవో కళ్ళతో చూసి నిర్ణయించుకొనే వీలు పోయినది.

జాతీయ స్థాయిలో నీట్ తప్పనిసరి కావడంతో వైద్య విద్య ఈ పరీక్ష నుండి వేరుపడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినది. తెలంగాణలో ఇంటర్మీడియట్ మార్కులకు ఇస్తూ వచ్చిన 25 శాతం వెయిటేజీని 2023లో తొలగించారు.

ప్రధాన ప్రవేశ మార్గాలు

ఇంటర్మీడియట్ తరువాత తెలంగాణ విద్యార్థికి ఉన్న ముఖ్యమైన మార్గాలు ఇవి:

ఈఏపీసెట్: రాష్ట్రంలోని ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు. 3 గంటల పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు ఉంటాయి. సాధారణ అభ్యర్థులకు అర్హత మార్కులు 25 శాతం.

జేఈఈ: ఎన్.ఐ.టి.లకు జేఈఈ మెయిన్, ఐ.ఐ.టి.లకు జేఈఈ అడ్వాన్స్‌డ్. ఈ సీట్లను 2015 నుండి జోసా అనే ఉమ్మడి సంస్థ కేటాయిస్తున్నది.

నీట్: వైద్య, దంత వైద్య కోర్సులకు. రాష్ట్ర కోటా సీట్లను వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది.

దోస్త్: బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. వంటి డిగ్రీ కోర్సులకు. 2016లో మొదలైన ఈ విధానంలో ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్మీడియట్ మార్కుల ఆధారంగా సీటు లభిస్తుంది.

సీయూఈటీ: కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుండి జరుగుతున్న ఉమ్మడి పరీక్ష.

క్లాట్: నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు.

ఒక పరీక్షకు దరఖాస్తు చేసినంత మాత్రాన మరొక దానికి చేసినట్లు కాదు. గడువులు, రుసుములు, కావలసిన పత్రాలు దేనికవే వేరు. దోస్త్ తప్ప మిగిలిన దరఖాస్తులలో చాలావరకు ఇంటర్మీడియట్ ఫలితాలు రాకముందే ముగుస్తాయి. అందువలన ఫలితాలు చూసి ఆలోచిద్దామనుకొనే విద్యార్థికి అప్పటికే చాలా దారులు మూసుకుపోయి ఉంటాయి.

ఆప్షన్ల క్రమం

వెబ్ కౌన్సెలింగ్‌లో ఫలితాన్ని నిర్ణయించేవి ప్రధానంగా మూడు: ర్యాంకు, రిజర్వేషన్ వర్గం, ఆప్షన్ల క్రమం. మొదటి రెండు విద్యార్థి చేతిలో ఉండవు, మూడవది పూర్తిగా అతని చేతిలోనే ఉంటుంది. కంప్యూటరు ఒక్కొక్క అభ్యర్థిని ర్యాంకు వరుసలో తీసుకొని, అతడు ఇచ్చిన జాబితాను పైనుండి కిందికి చూస్తుంది. ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ వద్ద ఆగి ఆ సీటును కేటాయిస్తుంది. దాని కింద ఉన్నవాటిని ఇక పరిశీలించదు.

దీని నుండి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, అందుబాటులో లేని కళాశాలను జాబితాలో పైన పెట్టడం వలన నష్టం లేదు. అక్కడ సీటు లేకపోతే కంప్యూటరు తరువాతి ఆప్షన్‌కు పోతుంది. రెండవది, తప్పకుండా వస్తుందన్న ధైర్యంతో ఒక సాధారణ కళాశాలను మొదటి స్థానంలో పెడితే, అంతకంటె మంచి కళాశాలలో సీటు ఖాళీగా ఉన్నప్పటికీ అది దక్కదు. ఉదాహరణకు ఒక విద్యార్థికి క, ఖ అనే రెండు కళాశాలలలోను సీటు వచ్చే ర్యాంకు ఉన్నది. అతనికి ఖ ఇష్టం. భయంతో క ను 1వ ఆప్షన్‌గా, ఖ ను 2వ ఆప్షన్‌గా ఇస్తే క మాత్రమే వస్తుంది.

ఐదారు ఆప్షన్లు మాత్రమే ఇచ్చి ఆగిపోవడం మరొక పొరపాటు. వాటిలో ఏదీ రాకపోతే ఆ విడతలో సీటే లభించదు. గత సంవత్సరపు చివరి ర్యాంకుల పట్టికలను తన వర్గం వరకు చూసుకొని, ఇష్టం ప్రకారం పొడవైన జాబితా తయారు చేసుకోవడం మేలు.

స్థానికత, ధ్రువపత్రాలు

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించబడ్డాయి. స్థానికతకు మాతృభాషతో గాని, తల్లిదండ్రుల స్వగ్రామంతో గాని సంబంధం లేదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస 4 విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివారన్నది ప్రధానం. అది కుదరని సందర్భంలో 7 సంవత్సరాలలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది చూస్తారు. వైద్య విద్యకు స్థానికత నిబంధనలు ప్రత్యేకంగా ఉన్నవి. 2014 రాష్ట్ర విభజన చట్టం పదేళ్ళపాటు కొనసాగించిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది.

ఫిలింనగర్ ప్రాంతానికి ఈ నిబంధన ముఖ్యమైనది. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో, ఆ తరువాత కూడా, కోస్తా జిల్లాల నుండి అనేక కుటుంబాలు పని కోసం ఇక్కడికి వచ్చాయి. ఇక్కడే బడికి వెళ్ళిన వారి పిల్లలు తెలంగాణ స్థానికులే. అయితే ఇంటర్మీడియట్‌కు పిల్లవాడిని విజయవాడలోనో గుంటూరులోనో హాస్టలు కళాశాలలో చేర్పిస్తే వరుస 4 సంవత్సరాల లెక్క తెగిపోతుంది. కళాశాల ఎంపికలో చాలా కుటుంబాలు చదువు, రుసుము మాత్రమే చూస్తాయి. స్థానికత విషయం రెండేళ్ళ తరువాత పత్రాల పరిశీలనలో బయటపడుతుంది.

పరిశీలనకు 6వ తరగతి నుండి స్టడీ సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, టి.సి., కుల, ఆదాయ ధ్రువపత్రాలు అవసరం. కుల, ఆదాయ పత్రాలకు మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేసుకోవాలి. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు షేక్‌పేట మండల తహసీల్దారు కార్యాలయం పరిధిలోనికి వస్తాయి.

రుసుములు

ప్రైవేటు కళాశాలల రుసుములను తెలంగాణ ప్రవేశాల, రుసుముల నియంత్రణ కమిటీ పరిశీలించి ప్రతిపాదిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వెనుకబడిన తరగతుల, పేద కుటుంబాల విద్యార్థులకు విస్తరించింది. తెలంగాణలో ఇంజనీరింగు చదివే వెనుకబడిన తరగతుల విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకు ఉంటే పూర్తి రుసుము, లేనిచో సంవత్సరానికి 35,000 రూపాయల వరకు మంజూరవుతూ వచ్చింది. మిగిలినది కుటుంబమే భరించాలి.

యాజమాన్య కోటాలోను, చివరన జరిగే స్పాట్ అడ్మిషన్లలోను చేరినవారికి ఈ పథకం వర్తించదు. కన్వీనర్ కోటా విడతలలో తక్కువ ఆప్షన్లు ఇచ్చి సీటు పోగొట్టుకొన్న పేద విద్యార్థికి, అదే కళాశాలలో స్పాట్ సీటు దొరికినా, మొత్తం రుసుము చెల్లించవలసి వస్తుంది. ఆప్షన్ల జాబితాలో జరిగిన పొరపాటు ఖరీదు నాలుగేళ్ళ రుసుము కావచ్చును.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్

జూబ్లీహిల్స్ హైదరాబాదులోని సంపన్న నివాస ప్రాంతాలలో ఒకటి. దానిని ఆనుకొని ఉన్న ఫిలింనగర్‌లో తెలుగు ఫిలిం ఛాంబర్, రామానాయుడు స్టూడియో ఉన్నవి. ఈ కొండల నడుమనే బస్తీలు కూడా ఉన్నవి. సినిమా పరిశ్రమలో దినసరి పనిచేసేవారు, ఇళ్ళలో పనిచేసేవారు, డ్రైవర్లు ఇక్కడ నివసిస్తారు.

ఈ రెండు వర్గాల విద్యార్థులకు ప్రవేశ నిబంధనలు ఒక్కటే అయినా, అందే సలహా ఒక్కటి కాదు. పెద్ద ప్రైవేటు పాఠశాలలలో కెరీర్ కౌన్సెలర్లు 9వ తరగతి నుండే విద్యార్థులతో మాట్లాడుతారు. విదేశీ విశ్వవిద్యాలయాలకు కావలసిన వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, శాట్ పరీక్ష వంటివాటిని ముందుగానే సిద్ధం చేయిస్తారు. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు గడువు కోర్సు మొదలయ్యే ఏడాది జనవరి నాటికే ముగుస్తుంది గనుక ఈ తయారీ అవసరం. బస్తీ విద్యార్థికి ఇంటిలో కళాశాల చదివినవారు ఉండకపోవచ్చు. అతని జాబితాను చాలాసార్లు ఇంటర్నెట్ కేంద్రం నడిపేవారో, విద్యార్థిని చేర్పించినందుకు కళాశాల నుండి కమిషన్ తీసుకొనే మధ్యవర్తో నింపుతారు. పాస్‌వర్డు, వన్ టైం పాస్‌వర్డు ఇతరుల చేతికి ఇవ్వరాదని అధికారులు ఏటా హెచ్చరించడానికి కారణం ఇదే.

సమీపంలోని విద్యా సంస్థలు

డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం జూబ్లీహిల్స్‌లో ఉన్నది. 1982లో ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఇది భారతదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి తరువాత ఇగ్నోకు కూడా మొదటి ఉపకులపతి అయినారు. 1991లో దీనికి అంబేద్కర్ పేరు పెట్టారు. పనిచేస్తూ డిగ్రీ చదవదలచినవారికి, చదువు మధ్యలో ఆపినవారికి ఇది ఉపయోగకరం.

అన్నపూర్ణ స్టూడియోస్‌లో 2011లో సినిమా, మీడియా విద్యా సంస్థ ప్రారంభమైనది. సినిమా రంగంలోని కళా విభాగాల వైపు వెళ్ళదలచినవారికి మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం కూడా ఒక మార్గం. 2008లో ఏర్పడిన ఈ ప్రభుత్వ విశ్వవిద్యాలయం చిత్రకళ, శిల్పం, యానిమేషన్, ఫొటోగ్రఫీ వంటి కోర్సులకు వేరే ప్రవేశ పరీక్ష జరుపుతుంది. డిగ్రీ చదువుకు బేగంపేటలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల, 1887లో ఏర్పడిన నిజాం కళాశాల అందుబాటులో ఉన్నవి.

మార్గదర్శనం

కోర్సు ఎంపిక నిజానికి 10వ తరగతి తరువాతనే మొదలవుతుంది. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., ఎం.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులలో ఏది తీసుకొన్నారన్నదాన్ని బట్టి రెండేళ్ళ తరువాతి దారులు మారుతాయి. గణితం లేని గ్రూపు నుండి ఇంజనీరింగుకు, జీవశాస్త్రం లేని గ్రూపు నుండి వైద్యానికి వెళ్ళడం సాధారణంగా కుదరదు. న్యాయ విద్యకు, డిజైన్‌కు మాత్రం ఏ గ్రూపువారైనా అర్హులే.

విద్యార్థికి సహాయపడే ఉపాధ్యాయుడు గాని, పెద్దలు గాని చేయగలిగిన ముఖ్యమైన పనులు మూడు. మొదటిది, నవంబరు నాటికి పరీక్షల గడువులను ఒక కాగితంపై రాయించడం. రెండవది, ధ్రువపత్రాలలోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయినవో లేదో ముందే చూడడం. మూడవది, ఆప్షన్ల జాబితాను తాము నింపకుండా విద్యార్థి చేతనే రాయించి, ప్రతి ఆప్షన్‌కు కారణం అడగడం.

ఫలితాల సమయం

ఇంటర్మీడియట్ ఫలితాల వేళ విద్యార్థులపై ఒత్తిడి తీవ్రంగా ఉంటుంది. 2019లో తెలంగాణ ఫలితాలలో తప్పులు దొర్లి, పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడంతో, తప్పినవారందరి జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ పరిశీలింపజేసింది. తప్పినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. అందులో ఉత్తీర్ణులైనవారు అదే విద్యా సంవత్సరంలో డిగ్రీలో చేరవచ్చును. మానసిక ఆందోళనలో ఉన్నవారు 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

ఇవి కూడా చూడండి

జూబ్లీహిల్స్
ఫిలింనగర్
ఎంసెట్
డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం
ఉస్మానియా విశ్వవిద్యాలయం