యంత్రంలో పడ్డ చేయి, బయటపడ్డ నంబరు

ఉక్కు కర్మాగారంలో ఒక కార్మికుడి చేయి యంత్రంలో పడి నలిగిపోయిందనుకోండి. పరిహారం ఎవరు చెల్లించాలి? కర్మాగారం యజమానే అని మీరు వెంటనే జవాబు చెబుతారు. ఈ జవాబు ఇప్పుడు సహజంగా తోస్తుంది గాని, నూరేళ్ల కిందట పరిస్థితి వేరు. ప్రమాదం యజమాని నిర్లక్ష్యం వల్లే జరిగిందని గాయపడినవాడే కోర్టులో రుజువు చేయవలసి వచ్చేది. చేయి పోయినవాడు సాక్ష్యాలు ఎక్కడ వెతుకుతాడు?

ఈ పద్ధతి మారడంలో జంషెడ్‌పూర్‌కు ఒక స్థానం ఉంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలకు కూడా బతుకుతెరువు చూపిన ఊరది. అక్కడి టాటా ఇనుము ఉక్కు కర్మాగారంలో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. 1920లో ఆ కంపెనీ కార్మికులకు ప్రమాద పరిహార పథకం ప్రవేశపెట్టింది. దేశమంతటికీ వర్తించే కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చి, 1924 జూలై 1 నుంచి అమలైంది. యజమాని తప్పును కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. వేలు పోతే ఇంత శాతం, చేయి పోతే ఇంత శాతం అని ఆ చట్టంలోనే పట్టిక ఉండేది. యంత్రం ఎవరి అదుపులో ఉందో, దాని ప్రమాదానికి బాధ్యత కూడా వారిదే అన్నది ఇందులోని సూత్రం.

ఇప్పుడు రెండో ప్రశ్న. పోయింది చేయి కాదు, మీ ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు. వాటిని దాచవలసిన కంప్యూటరు మీ అదుపులో లేదు. అప్పుడు బాధ్యత ఎవరిది?

పింఛనుదారుల జాబితా

2017 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్ ఉన్న జార్ఖండ్ రాష్ట్రంలోనే ఈ ప్రశ్న ఎదురైంది. రాష్ట్ర సామాజిక భద్రతా విభాగం వెబ్‌సైట్‌లో వృద్ధాప్య పింఛను పొందేవారి పేర్లు, చిరునామాలు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరైనా చూడగలిగేలా బయటపడ్డాయి. బాధితులు పది లక్షలకు పైనే. ఎవరో తాళం పగలగొట్టి లోపలికి రాలేదు. ప్రోగ్రాములోని లోపం వల్ల తలుపు తెరిచే ఉండిపోయింది.

ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించరాదని 2016 నాటి చట్టం చెబుతోంది. కాని ఆ చట్టం కింద కేసు పెట్టాలంటే ఫిర్యాదు ఆధార్ ప్రాధికార సంస్థ నుంచే రావాలి. నంబరు పోయిన వృద్ధుడు నేరుగా కోర్టుకు వెళ్లే వీలు లేదు. కొన్ని నేరాల విషయంలో ఆ వీలు 2019 సవరణతో కలిగింది.

మరి పరిహారం మాటేమిటి? సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ 43ఏ అనే సెక్షన్‌ను చేర్చింది. సున్నితమైన సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చూపి నష్టం కలిగించిన సంస్థ బాధితుడికి పరిహారం చెల్లించాలని అది చెప్పింది. అయితే ఆ సెక్షన్ పరిధిలోకి వచ్చేవి కంపెనీలు, వ్యాపార సంస్థలే. ప్రభుత్వ విభాగం ఆ నిర్వచనంలో ఇమడదు. పైగా నిర్లక్ష్యాన్నీ నష్టాన్నీ రుజువు చేసే భారం మళ్లీ బాధితుడిదే!

జేబులో కార్డు, చైనాలో డబ్బు

అంతకు కొన్ని నెలల ముందు, 2016 అక్టోబరులో, సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు దొంగల పాలైనట్లు వెల్లడైంది. ఎ.టి.ఎం.లు నడిపే హిటాచీ పేమెంట్ సర్వీసెస్ అనే సంస్థ కంప్యూటర్లలోకి హానికరమైన ప్రోగ్రాము చొరబడింది. కార్డులు ఇక్కడ ఖాతాదారుల జేబుల్లోనే ఉన్నాయి. చైనా, అమెరికాలలో డబ్బు డ్రా అయింది!

ఇదెలా సాధ్యం? కార్డు వెనుక ఉండే అయస్కాంత పట్టీ పాటల క్యాసెట్టు టేపు వంటిది. దానిలోని సమాచారం ఎప్పుడూ ఒక్కటే. దాన్ని సంపాదిస్తే ఇంకో కార్డు మీద నకలు తీయవచ్చు. చిప్ ఉన్న కార్డు అలా కాదు. ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతాన్ని తయారుచేస్తుంది కనుక పాత సంకేతం దొంగిలించినా పనికిరాదు. పట్టీ కార్డులన్నిటినీ చిప్ కార్డులుగా మార్చడానికి రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరు 31ని గడువుగా పెట్టింది.

బాధ్యత విషయంలోనూ మార్పు వచ్చింది. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుడిదీ కాక మధ్యలోని వ్యవస్థదైతే, మూడు పనిదినాల్లోగా తెలియజేసినవారికి ఏ నష్టమూ ఉండదు. పది పనిదినాల్లో సొమ్ము ఖాతాలో జమ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు ఖాతాదారుడిదే అంటే ఆ సంగతి బ్యాంకే రుజువు చేయాలి. 1923 నాటి సూత్రం గుర్తుకు వస్తోందా?

కార్డుకూ ఆధార్‌కూ ఒక తేడా ఉంది. కార్డును రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. పుట్టిన తేదీని, వేలిముద్రలను ఎలా మార్చుకుంటాం? ఈ రోజు బయటపడిన వివరాన్ని దొంగ అయిదేళ్ల తరువాత వాడవచ్చు. అప్పుడది ఎక్కడి నుంచి పొక్కిందో నిరూపించడం దాదాపు అసాధ్యం.

అమెరికా అనుభవం

పెద్ద దేశాలు ఈ చిక్కును దాటాయా? అమెరికాలో అప్పులవారి చరిత్ర భద్రపరిచే ఈక్విఫాక్స్ సంస్థ నుంచి 2017లో సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. దొంగలు వాడుకున్న సాఫ్ట్‌వేర్ లోపానికి విరుగుడు మార్చిలోనే వచ్చింది. సంస్థ దాన్ని అన్నిచోట్లా అమర్చలేదు. 2019లో కనీసం 57.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఒక్కొక్కరికి 125 డాలర్ల దాకా నగదు అన్నారు. ఆ నగదుకు కేటాయించింది మాత్రం 3.1 కోట్ల డాలర్లు. లక్షలాది మంది దరఖాస్తు చేసేసరికి ఒక్కొక్కరి వాటా చాలా చిన్నదైపోయింది.

జరిమానా వేరు, పరిహారం వేరు

గోప్యత ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచారం పొక్కితే ఆ సంగతి ప్రతి బాధితుడికీ తెలియజేయాలి. రక్షణలో లోపానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ప్రభుత్వ విభాగాలు కూడా, కొన్ని మినహాయింపులతో, దీని పరిధిలోకి వస్తాయి. ఇవన్నీ మంచి మార్పులే.

కాని ఒక సంగతి గమనించండి. ఆ జరిమానా చేరేది భారత సంచిత నిధికి, బాధితుడికి కాదు. అంతేకాక, పరిహారం ఇప్పించే పాత 43ఏ సెక్షన్‌ను తొలగించడానికి ఈ చట్టంలోనే ఏర్పాటు ఉంది. ఫ్యాక్టరీకి జరిమానా వేసి, చేయి పోయినవాణ్ణి ఖాళీ చేతులతో ఇంటికి పంపడం వంటిది ఇది.

వేలుకింత, చేతికింత అనే పట్టికను 1923లో తయారుచేయగలిగాం. ఆధార్ నంబరుకెంత, వేలిముద్రకెంత, ఒక వృద్ధుడి ఆగిపోయిన పింఛనుకెంత అనే పట్టిక ఇంకా ఎవరూ రాయలేదు. అది రాయాలంటే న్యాయశాస్త్రమూ కావాలి, కంప్యూటరు శాస్త్రమూ కావాలి, గణాంకశాస్త్రమూ కావాలి. ఈ మూడూ నేర్చుకుంటున్నది మీ తరమే.