ఆపాలన్నా 'ఆరంభమే'

పుస్తకంలో ఒక మాట బోధపడకపోతే పాఠకుడు దానిని దాటి ముందుకు సాగగలడు. కంప్యూటరు తెరమీద అలా కుదరదు; అక్కడ ఆగిపోతాడు, లేదా చేయకూడని పని చేస్తాడు. అందుకే మెనూలలోని మాటల చరిత్ర కూడా శ్రద్ధగా చదవదగినదని నేను భావిస్తాను.

1981లో యాపిల్ సంస్థ 'లీసా' యంత్రాన్ని రూపొందిస్తూ, కంప్యూటరు ఎరుగని వారిచేత దానిని పరీక్షింపజేసేది. ఆ పరీక్షలు నడిపినవాడు లారీ టెస్లర్. ఒక పనికి సమ్మతి తెలిపే మీటపై అప్పుడు 'డూ ఇట్' అని ఉండేది. కానీ కొందరు దానిని విడిచి, రద్దుచేసే మీటనే నొక్కసాగారు. ఆరా తీయగా తేలినదేమంటే, రెండు పదాల నడుమ ఎడం చాలక, అక్షరాల పోలిక వల్ల అది 'డోల్ట్' అని, అంటే 'మందమతి' అని, కనబడుతోంది! మరీ వాడుక మాటగా ఉందని అంతకుముందు తోసిపుచ్చిన 'ఓకే'నే చివరకు పీటమీద కూర్చోబెట్టారు.

1984 నాటి మెకింటాష్‌ది మరొక చిత్రం. ఫ్లాపీ డిస్కును మెనూలోని 'ఎజెక్ట్' ద్వారా బయటికి తీస్తే, దాని బొమ్మ మాత్రం తెరమీద వెలిసిపోయి మిగిలేది. ఒకే డ్రైవులో డిస్కులు మార్చుకుంటూ నకలు తీసుకొనేవారికి అది అవసరమే. బొమ్మ కూడా పోవాలంటే దానిని చెత్తబుట్టలోకి లాగాలి. ఫైలును చెరిపివేసే బుట్టలో తన సమస్త శ్రమ ఉన్న డిస్కును పడవేయడానికి ఎవరికి చేయి వస్తుంది? తరువాతి కాలపు మ్యాక్ ఓఎస్ ఎక్స్‌లో, డిస్కును లాగుతున్నంతసేపు ఆ బుట్ట 'బయటికి తీయు' గుర్తుగా మారడం మొదలైంది.

ఇక 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక జనం తికమకపడుతున్నారని పరీక్షలలో గ్రహించి, మీటపై 'స్టార్ట్' అని రాశారు. సందేహం తీరింది. అయితే అన్ని పనులకూ అదే ద్వారమైనందున 'షట్ డౌన్' కూడా అందులోనే చేరింది. విడివిడిగా చూస్తే రెండు నిర్ణయాలూ సబబైనవే. కలిస్తేనే ఆపడానికి 'ఆరంభం' నొక్కవలసిన విడ్డూరం పుట్టింది. 2007లో విస్టా ఆ మాటను తీసివేసి చిహ్నాన్ని మాత్రం మిగిల్చింది. 2012లో విండోస్ 8 ఆ మీటనే తొలగించి, జనం గగ్గోలు పెట్టగా 2013లో 8.1తో తిరిగి తెచ్చింది.

మన భాషలోకి మెనూలను తెచ్చేటప్పుడూ ఇటువంటి గోతులున్నాయి. 'దాచు' అనే చక్కటి తెలుగు మాటనే తీసుకోండి. డబ్బు దాచుకుంటాం, అంటే భద్రపరుస్తాం. నిజం దాచుతాం, అంటే మరుగుపరుస్తాం. ఒకే మాట 'సేవ్'కూ చెల్లుతుంది, 'హైడ్'కూ చెల్లుతుంది. గంటసేపు టైపు చేసినవాడు 'దాచు' నొక్కాలా వద్దా అని జంకితే, ఆ జంకు సహేతుకమే. 'భద్రపరచు' కాస్త బరువైన మాటే అయినా, అక్కడ అనుమానానికి తావివ్వదు.

ఇటువంటి చోట తడబడిన మన పెద్దలు "నాకీ చదువు రాదు నాయనా" అని పక్కకు తప్పుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. లోపం మాటలో ఉంటే నింద మనిషి మోస్తున్నాడు. కనుక అనువాదకులకు నా విన్నపం ఒకటే: నిఘంటువు మూసిన తరువాత, ఇంగ్లీషు రాని ఒక్కరిని తెర ముందు కూర్చోబెట్టి, వారి వేలు ఎటు పోతుందో చూడండి.