పసిచేతి గీత

తెలుగున 'వ్రాయు' అను క్రియకు రెండు పనులు కలవు. అక్షరమును వ్రాయుదురు, బొమ్మను వ్రాయుదురు. 'చిత్రలేఖనము' అను సంస్కృతపదమునను లేఖనమే నిలిచియున్నది. భాష ఈ రెంటిని ఒకే చేతిపనిగా ఎంచగా, పాఠశాల మాత్రము వీనిని వేరుచేసెను. అక్షరము విద్య అయ్యెను, బొమ్మ వినోదమయ్యెను. భారతదేశమున పసిపిల్లలకు చిత్రలేఖనము నేర్పిన చరిత్ర చాలవరకు ఈ వేర్పాటు చరిత్రయే. ఆ చరిత్రలో ఒక ప్రశ్న మరల మరల తలయెత్తుచుండును. పిల్లవాడు గీచిన గీత ఎవరిది? పరుల పనికై తీర్చబడుచున్న చేతిదా, తాను చూచినదానిని చెప్పబోవు పిల్లవానిదా? ఒక్కొక్క కాలము ఈ ప్రశ్నకు ఒక్కొక్క సమాధానము చెప్పెను.

ఇంగ్లీషుబడులు వ్యాపింపకముందు ఈ దేశపు వీథిబడులలో విద్యకు మొదటి ద్వారము చేయియే. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయవిద్యను గూర్చి జిల్లాలనుండి వివరములు కోరగా, బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఇందుకు సాక్ష్యము. నేటి అనంతపురము ప్రాంతముకూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. అందలి 533 బడులలో కన్నడపుబడులతోపాటు తెలుగుబడులును విస్తారముగా నుండెను. పిల్లవాడు అక్షరములను నోట వల్లించుటచేత గాక, వేలితో ఇసుకలో దిద్దుటచేత నేర్చుకొనుచుండెనని కాంబెల్ వ్రాసెను. ఇసుక తరువాత, అన్నము, బొగ్గుపొడి పూసి నునుపుచేసిన కొయ్యపలక. ఆపైని, గంజిపెట్టి పుస్తకమువలె మడతలు వేసిన గుడ్డకు బొగ్గు, జిగురు పట్టించిన కడితము. వ్రాయుటకు బలపము, తుడుచుటకు తడిగుడ్డ. చేతికి, కంటికి ఇంత సాధన చేయించిన ఆ బడి చదువు, వ్రాత, లెక్కలతో ఆగెను. బొమ్మ దాని పాఠములలో చేరలేదు.

బొమ్మ నేర్పిన బడి ఇంటిముందటి వాకిలి. వీథిబడులలో ఆడపిల్లలు మిక్కిలి అరుదు. వాకిట మాత్రము వారే విద్యార్థినులు. కళ్లాపి చల్లిన నేలమీద చుక్కలు పెట్టుట, వరుస వరుసకు లెక్క తప్పకుండ తగ్గించుకొనుచు వచ్చుట, పిండిగీతను చుక్కల నడుమ మెలికలు త్రిప్పి మొదలైన చోటికే చేర్చుట, ఇవన్నియు తల్లిని చూచి బిడ్డ నేర్చునవి. సంఖ్య, కొలత, సమత, రూపకల్పనము నాలుగును ఇందు కలవు. మరునాటికి చెరిగిపోవునని తెలిసియు శ్రద్ధతో వేయుట ఇందలి మరియొక శిక్షణము. అయినను దీనికి పంతులు లేడు, పరీక్ష లేదు; కనుక విద్య యను పేరును లేదు. ఇరువదవ శతాబ్ది సంస్కర్తలు బడికి తేదలచినదానిలో చాలభాగము అంతకుముందే వాకిట నుండెను.

ప్రభుత్వవిద్యలోనికి చిత్రలేఖనము ఈ వాకిటినుండి రాలేదు. మద్రాసులో 1850లో, వైద్యుడైన అలెగ్జాండర్ హంటర్ ఒక కళాపాఠశాలను తెరిచెను. 1854లో కలకత్తాలోను, 1857లో జంషెట్జీ జీజీభాయి విరాళముతో బొంబాయిలోను, 1875లో లాహోరులోను ఇట్టివి వెలసెను. వృత్తికళలను బాగుచేయుట, నమూనాలు గీయగల పనివారిని తయారుచేయుట వీని ముఖ్యోద్దేశములు. వీని బోధనకు ఒరవడి లండనునుండి వచ్చెను. బ్రిటిషువస్తువులలో రూపకల్పనము కొరతపడినదని 1851 నాటి మహాప్రదర్శనము తరువాత కలతచెందిన హెన్రీ కోల్ మున్నగువారు 1852లో ఒక ప్రభుత్వశాఖను నెలకొల్పి, 23 మెట్ల పాఠక్రమమును నిర్మించిరి. అచ్చుపటములోని రేఖను చూచి గీయుట తొలిమెట్లలోని పని. పిమ్మట నీడలు, మానవాకృతి, వర్ణము. తన ఊహతో ఒక రూపమును కల్పించు అవకాశము విద్యార్థికి చిట్టచివరి మెట్లలోగాని రాదు.

సౌత్ కెన్సింగ్టన్ పద్ధతియని పేరొందిన ఈ క్రమము కళాపాఠశాలలలో శిక్షణ పొందిన డ్రాయింగుమాస్టరుల వెంట సామాన్యపాఠశాలకును చేరెను. పిల్లవాని ముందు ఒక కూజాబొమ్మ. నడుమ ఒక నిలువుగీత. ఎడమసగమునకు కుడిసగము సరిపోవలెను. సరిపోయినచో మార్కులు, లేనిచో రబ్బరు. ఇందొక వింత కలదు. అదే 1851 ప్రదర్శనములో భారతీయుల నేతపనిలోని అలంకరణమును రిచర్డ్ రెడ్‌గ్రేవ్, ఓవెన్ జోన్స్ వంటివారు ఐరోపాకు ఆదర్శముగా చూపిరి. ఆ అలంకరణమును తరతరములుగా చేసిన దేశపు బిడ్డలకు పిదప విదేశపు అచ్చుపటములు ఒరవడులయ్యెను. ఈ పద్ధతివలన మేలు లేకపోలేదు. చేతికి నిలుకడ, కంటికి కొలత అలవడెను. కొలతపటములు గీచి జీవనోపాధి పొందినవారును కలరు. ఉద్యోగమునకు సిద్ధపడు యువకునకు తగిన సాధనను ఆరేండ్ల పసివానిమీద మోపుటయే దానిలోని లోపము.

పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు అసంపూర్ణరూపము కాదని, దానికి తనదైన నడక కలదని ఐరోపాలో నిరూపింపబూనినవారిలో ఫ్రాంజ్ చీజెక్ ముఖ్యుడు. ఆయన 1897లో వియన్నాలో బాలబాలికలకై ఒక తరగతి తెరిచి, ఒరవడులు లేకుండ వారిని గీయనిచ్చెను. భారతదేశములో మార్పు స్వదేశీభావముతో కలిసివచ్చెను. 1896లో కలకత్తా కళాపాఠశాలకు అధిపతియైన ఇ. బి. హావెల్ భారతీయచిత్రములను విద్యార్థుల ముందుంచెను. 1905లో అవనీంద్రనాథ ఠాకూరు అక్కడ ఉపాధ్యక్షుడయ్యెను. కాని వారి ఎదుట నుండినది చిత్రకారులు కాదలచిన యువకులు. పసిపిల్లలవరకు ఆ మార్పును తెచ్చినది శాంతినికేతనము.

రవీంద్రనాథ ఠాకూరు 1901లో కొలదిమంది పిల్లలతో తన విద్యాలయమును ఆరంభించెను. 1919లో కళాభవనము ఆ ఆవరణలోనే నెలకొనుటచేత ఒక విశేషము సమకూడెను. చిన్నబడి పిల్లలకు చిత్రకారుడు అనగా పుస్తకములోని పేరు కాదు, చెట్టుక్రింద కూర్చుండి గీచుచున్న మనిషి. నందలాల్ బోసు చేతిలో చిన్న కార్డు ఎప్పుడును ఉండెడిది. మేక, తాటిచెట్టు, నీరు తెచ్చు స్త్రీ, కంటబడినదెల్ల దానిపై నెక్కెడిది. విద్యార్థులను ఆయన వెలుపలికి కొనిపోయి మొదట చూచుట నేర్పెను. బెంగాలీ ఇండ్లలో స్త్రీలు వేయు ఆల్పన ముగ్గును నేర్పుటకు సుకుమారీదేవి అక్కడ ఉపాధ్యాయురాలయ్యెను. 1928లో ఆరంభమైన వృక్షారోపణము, హలకర్షణము వంటి ఉత్సవములకు నేలమీద ఆల్పనలు తీర్చిరి. వీథిబడి చేర్చుకొనని వాకిలి ఈ విధముగా విద్యాలయములోనికి వచ్చెను.

ఈ బడి ఏమి చేయగలిగెనో వినోదబిహారీ ముఖర్జీ జీవితము చెప్పును. పుట్టుకనుండి చూపు మందమగుటచేత మామూలుబడిచదువు సాగక, ఆయన 1917లో బాలుడుగా శాంతినికేతనము చేరెను. కళాభవనపు తొలివిద్యార్థులలో ఒకడై, 1946-47లో అక్కడి హిందీభవనపు గోడలమీద మధ్యయుగపు భక్తుల జీవితములను చిత్రించెను. నడివయస్సున చూపు పూర్తిగా పోయినను, కాగితములు కత్తిరించి అంటించుచు, మట్టిబొమ్మలు చేయుచు కళను విడువలేదు. సరిగా కనబడని పిల్లవానికి బొమ్మలేలయని ఆ బడి అడిగియుండినచో, ఆ గోడలు తెల్లగానే యుండెడివి.

రచయితలకు మరింత దగ్గరి నిదర్శనము రవీంద్రుడే. వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను ఆయన వంపులుగా, పక్షులుగా, వింతజంతువులుగా కలుపుచు పోయెను. అరువది దాటిన పిమ్మట ఆ కొట్టివేతలే చిత్రకళకు దారితీసి, 1930లో పారిసున ప్రదర్శనము జరిగెను. ఆ సంవత్సరముననే, పిల్లలకు బెంగాలీ నేర్పుటకు ఆయన వ్రాసిన 'సహజ్ పాఠ్' నందలాల్ బొమ్మలతో వెలువడెను. అందు బొమ్మ పాఠమునకు అలంకారము మాత్రమే కాదు. అక్షరముతో సమానముగా పుటను పంచుకొనెను. వేరుపడిన రెండు వ్రాతలు ఒక వాచకములో మరల కలిసికొనెను.

ఆంధ్రదేశమున ఈ గాలి రాజమహేంద్రవరమున, బందరున వీచెను. రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. 1925లో అకాలమరణము పొందులోపల రామారావు తన ఊరిలో ఒక చిత్రకళాశాలను నెలకొల్పెను. కూల్డ్రే శిష్యుడే అగు అడివి బాపిరాజు, బందరులో 1910లో వెలసిన ఆంధ్రజాతీయకళాశాలలో ప్రమోదకుమార చటర్జీకడ చిత్రకళ నభ్యసించి, తరువాత ఆ సంస్థకే అధ్యక్షుడయ్యెను. నవల వ్రాసిన చేయియే చిత్రమును వ్రాసెను. అయినను ఈ కృషి యువకులకడ ఆగెను. పల్లెలోని ఒకటవ తరగతికి కూజాబొమ్మయైనను చేరుట అరుదు.

పల్లెబడిని ఉద్దేశించిన మొదటి జాతీయప్రయత్నము 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో జరిపిన విద్యాసభ. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఏడేండ్లనుండి పదునాలుగేండ్లవరకు చేతిపని మూలముగా విద్య నేర్పవలెనని నిర్ణయించెను. దినమునకు అయిదున్నర గంటల బడిలో మూలవృత్తికి మూడుగంటల ఇరువది నిమిషములు. సంగీతము, చిత్రలేఖనము, గణితము మూడింటికిని కలిపి నలువది నిమిషములు. చేతికి బడిలో ఇంతటి గౌరవము అంతకుముందు లేదు. కాని ఆ చేయి ముఖ్యముగా నూలు వడకవలసిన చేయి. వడకిన నూలును కొలువవచ్చును. పిల్లవాడు చూచినదానిని ఏ కొలతతో కొలుతురు? బడి ఖర్చు బడిపనినుండియే రావలెనన్న ఆశ ఈ చిక్కును మరింత బిగించెను.

ఈ చిక్కును లోపలినుండి విప్పజూచినవాడు దేవీప్రసాద్. శాంతినికేతనమున నందలాల్ శిష్యుడై, 1944లో సేవాగ్రామము చేరి 1962వరకు అక్కడి పిల్లలకు ఆయన చిత్రకళ నేర్పెను. వృత్తిలో నైపుణ్యము ఎంత ముఖ్యమో, పిల్లవాని సొంతరూపకల్పనము అంత ముఖ్యమని ఆయన మతము. కళ విద్యలో ఒక పాఠము కాదు, విద్యకే పునాది యని ఆ అనుభవమునుండి ఆయన వ్రాసిన గ్రంథమును నేషనల్ బుక్ ట్రస్టు 1998లో ఇంగ్లీషున ప్రచురించెను. పేదబడికి ఇది శక్యమా యను శంకకు ఆయన గురువు ముందే సమాధానమిచ్చియుండెను. 1938 హరిపురా కాంగ్రెసుకు నందలాల్ వేసిన పల్లెజీవన చిత్రములకు మట్టిరంగులే చాలినవి.

స్వాతంత్ర్యానంతరము పిల్లల బొమ్మకు ప్రదర్శనగౌరవము లభించెను. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949లో ఆరంభించిన బాలల చిత్రకళాపోటీ అనతికాలముననే అంతర్జాతీయమయ్యెను. బాలుని చిత్రమును పెద్దలు నిలిచి చూచుట ఇందువలన అలవాటయ్యెను. కాని పోటీలు ఊరూర పెరిగినకొలది పాతరోగము క్రొత్తరూపమున తిరిగివచ్చెను. రెండు కొండల నడుమ సూర్యుడు, ప్రక్కను గుడిసె, కొబ్బరిచెట్టు, అంకెవంటి పక్షులు: కొండ లేని ఊరి పిల్లవాడును ఇదే వేయుచున్నాడు. దీనిని ఏ లండను పాఠక్రమమును విధింపలేదు. మెప్పించిన బొమ్మయే ఒరవడి అయినది, అంతియే భేదము.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమునకై కూర్చిన పత్రము పదవతరగతివరకు కళలను తప్పనిసరి చేయవలెనని కోరెను. 2020 నాటి జాతీయవిద్యావిధానము అన్ని పాఠములలోను కళను మేళవింపుమని చెప్పెను. ఈ రెంటి నడుమ వచ్చిన 2009 నాటి విద్యాహక్కుచట్టపు పట్టిక మాత్రము వేరుమాట పలుకును. ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు, నూరుగురికి మించి విద్యార్థులున్న బడికి, కళావిద్యకు పూర్తికాలముకాని బోధకుని అది నిర్దేశించెను. ఒకటినుండి అయిదు తరగతులకు అట్టి బోధకుని ప్రస్తావనయే లేదు. గీత భయములేక సాగు వయస్సుననే దానికి తోడు లేకపోయెను.

ఈ నష్టము చిత్రకళకు మాత్రమే పరిమితము కాదు. చూడని కొండను గీచి మెప్పుపొందిన పిల్లవాడు వ్యాసములోను చూడని ఉదయమును వర్ణించును. మార్కులు వచ్చిన వాక్యమునే మరల వ్రాయును. తన ఊరి చెరువును, తన ఇంటి గొడ్డును ఒక్కసారి తేరిచూచి గీచినవానికి అదే దృష్టి మాటలోను అక్కరకు వచ్చును. వీథిబడిలోని ఇసుకకు, బలపమునకు, వాకిటి పిండికి నాడు పెద్దఖర్చు లేదు, నేడును లేదు. కావలసినది, పలకమీద పిల్లవాడు తనకై ఒక గీత గీచినప్పుడు దానిని వెంటనే తుడువుమనక, అదేమియని అడుగు ఉపాధ్యాయుడు. అయిదు తరగతుల ప్రాథమికపాఠశాలలో ఆ ప్రశ్నకు కాలనిర్ణయపట్టికలో ఇంకను చోటు దొరకవలసియున్నది.