పాత నగరానికి మెట్రో రైలు: ఎం.జి.బి.ఎస్. - చాంద్రాయణగుట్ట మార్గంతో నగర ప్రయాణంలో రానున్న మార్పులు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు మహానగరంలో మెట్రో రైలు పట్టాలెక్కి ఎనిమిదేళ్ళు దాటినా, ఈ నగరానికి పేరు తెచ్చిన పాత బస్తీకి మాత్రం ఆ రైలు ఇంతవరకు చేరలేదు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎం.జి.బి.ఎస్.) వద్ద, మూసీ నది ఒడ్డునే ఆకుపచ్చ మార్గం ఆగిపోయినది. నదికి ఆవలి ఒడ్డున ఉన్న దారుల్‌షిఫా నుండి చాంద్రాయణగుట్ట వరకు నివసించే లక్షలాది ప్రజలు నేటికీ బస్సులు, షేర్ ఆటోలు, ద్విచక్ర వాహనాలపైనే ఆధారపడి ఉన్నారు. ఈ కొరతను తీర్చుటకు ఉద్దేశించినదే మెట్రో రెండవ దశలోని 7.5 కిలోమీటర్ల ఎం.జి.బి.ఎస్. - చాంద్రాయణగుట్ట మార్గం. పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఈ మార్గపు పూర్వాపరాలు, దానివలన ప్రయాణ సరళిలో రాగల మార్పులు ఇందు పొందుపరచడమైనది.

మొదటి దశ నేపథ్యం

మెట్రో మొదటి దశ నిర్మాణానికి ఎల్ అండ్ టి సంస్థతో 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరినది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో చేపట్టిన ఈ పథకానికి కేంద్రప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ క్రింద రూ. 1,458 కోట్లు మంజూరు చేసినది. 2017 నవంబరు 28న మియాపూర్ - నాగోల్ మధ్య 30 కిలోమీటర్ల మార్గాన్ని ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రారంభించారు. అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మార్గం 2018 సెప్టెంబరు 24న, హైటెక్ సిటీ వరకు 2019 మార్చి 20న, రాయదుర్గం వరకు 2019 నవంబరు 29న, జె.బి.ఎస్. - ఎం.జి.బి.ఎస్. మార్గం 2020 ఫిబ్రవరి 7న అందుబాటులోకి వచ్చినవి. దీనితో మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు పూర్తయినవి.

అసలు ప్రణాళిక ప్రకారం జె.బి.ఎస్. నుండి బయలుదేరే రెండవ కారిడారు ఫలక్‌నుమా వరకు పోవలసి ఉన్నది. మార్గం ఎటు పోవాలన్న దానిపై అభ్యంతరాలు, ఇరుకు వీధులలో ఆస్తుల సేకరణలో ఎదురైన ఇబ్బందుల కారణంగా చివరి 5.5 కిలోమీటర్లు మాత్రం కాగితంపైనే మిగిలిపోయినవి. ఫలితంగా 11 కిలోమీటర్ల నిడివిగల ఆకుపచ్చ మార్గం మూడింటిలోకెల్లా తక్కువ మంది ప్రయాణించే మార్గంగా ఉండిపోయినది. ఇది ఆ మార్గపు లోపం కాదు. ప్రయాణికులు అధికంగా ఎక్కవలసిన చోటికి చేరకముందే ఆగిపోయిన రైలు నిండుగా నడవాలని ఆశించడం న్యాయం కాదు.

రెండవ దశలో మార్గం స్వరూపం

2024 మార్చి 8న ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా వద్ద పాత నగర మెట్రోకు శంకుస్థాపన చేశారు. అనంతరం మార్గాన్ని మరి కొంత దూరం పొడిగించి చాంద్రాయణగుట్ట వరకు నిర్ణయించడమైనది. రెండవ దశ ప్రథమ భాగంలోని ఐదు కారిడార్లకు రాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపినది. నాగోల్ నుండి శంషాబాద్ విమానాశ్రయానికి 36.8 కి.మీ., రాయదుర్గం నుండి కోకాపేట నియోపోలిస్‌కు 11.6 కి.మీ., ఎం.జి.బి.ఎస్. నుండి చాంద్రాయణగుట్టకు 7.5 కి.మీ., మియాపూర్ నుండి పటాన్‌చెరువుకు 13.4 కి.మీ., ఎల్.బి.నగర్ నుండి హయత్‌నగర్‌కు 7.1 కి.మీ. చొప్పున మొత్తం 76.4 కిలోమీటర్లకు రూ. 24,269 కోట్లు వ్యయం కాగలదని అంచనా. ఇందు పాత నగర మార్గం వాటా రూ. 2,741 కోట్లు.

ఈ మొత్తాన్ని కిలోమీటరు లెక్కన చూచినచో కొన్ని విషయాలు బోధపడును. హయత్‌నగర్ మార్గానికి కిలోమీటరుకు సుమారు రూ. 264 కోట్లు కాగా, పాత నగర మార్గానికి సుమారు రూ. 365 కోట్లు పడుచున్నది. రాయదుర్గం - కోకాపేట మార్గానికి మాత్రమే ఇంతకంటె అధిక వ్యయం కలదు. విశాలమైన జాతీయ రహదారి మధ్య స్తంభాలు నిలుపుటకు, తరతరాలుగా దుకాణాలు, ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉన్న వీధిలో మార్గం వేయుటకు గల భేదమే ఇందుకు ముఖ్య కారణం.

మార్గమంతయు భూమికి పైన, స్తంభాలపైననే సాగును. పాత నగరంలో రైలును భూగర్భంలో నడపరాదా అన్న ప్రశ్న పాత్రికేయ సమావేశాలలో తరచు వినవచ్చుచున్నది. భూగర్భ మార్గానికి పైమార్గంతో పోల్చినచో వ్యయం రెట్టింపునకు మించును. రెండవ దశ ప్రథమ భాగంలో భూగర్భ మార్గం విమానాశ్రయం వద్ద 1.6 కిలోమీటర్లకు మాత్రమే ప్రతిపాదించబడినది.

వీధులు, ఇళ్ళు, కట్టడాలు

ఎం.జి.బి.ఎస్. నుండి మూసీ దాటి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమాల మీదుగా మార్గం చాంద్రాయణగుట్ట చేరును. ప్రస్తుతం 50, 60 అడుగుల వెడల్పున్న రహదారిని 100 అడుగులకు, స్టేషన్ల వద్ద 120 అడుగులకు విస్తరించవలసి ఉన్నందున సుమారు 1,100 ఆస్తులు పూర్తిగానో, పాక్షికంగానో ప్రభావితమగునని గుర్తించడమైనది. చదరపు గజానికి రూ. 81,000 చొప్పున పరిహారం నిర్ణయించి, 2025 జనవరి నుండి యజమానులకు చెక్కుల పంపిణీ ప్రారంభించినారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పరిహారం గజాలలో లెక్కింపబడును గాని, వీధి మొగదల మూడు తరాలుగా సాగుచున్న దుకాణపు బేరం గజాలకు లొంగునది కాదు. యజమానికి చెక్కు అందును. అదే కప్పు క్రింద అద్దెకుండి కుట్టుపనో, గాజుల వ్యాపారమో చేసుకొనువారు వేరొక చోటు వెతుకుకొనవలసి వచ్చును. ఇంటి సగభాగం పోయి సగం మిగిలినవారికి మిగిలిన గోడను నిలుపుకొనుటయే ఒక సమస్య. మార్గం మేలు నగరమంతటికీ చెందగా, దాని మూల్యం ఈ వీధులవారు ముందుగా చెల్లించుచున్నారన్నది అధికారులు నిత్యం గుర్తుంచుకొనవలసిన అంశం.

మార్గం పొడవునా మసీదులు, దేవాలయాలు, అషూర్‌ఖానాలు, దర్గాలు, చిల్లాలు తదితర కట్టడాలు వందకు పైగా ఉన్నవి. మార్గపు వంపులను, స్తంభాల స్థానాలను సవరించి వీటిని కాపాడునట్లు రూపకల్పన చేసినారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియంలు మార్గానికి సుమారు 500 మీటర్ల దూరంలో ఉన్నవి. అయినను వాటి ప్రాధాన్యం దృష్ట్యా రెండు స్టేషన్లకు ఆ పేర్లే నిర్ణయించినారు. కావున "చార్మినార్ ముందుగా మెట్రో" అని వార్తలలో వ్రాయుట వాస్తవానికి దూరం. 1591 నాటి ఆ కట్టడం ముందు స్తంభాలు గాని, రైలు గాని ఉండవు. స్టేషనులో దిగిన సందర్శకుడు కొద్ది నిమిషాలు నడచి అచ్చటికి చేరును. చార్మినార్ పరిసరాలను పాదచారులకు ప్రత్యేకించు పథకం ఇప్పటికే అమలులో ఉన్నందున ఈ నడక ఆ పథకానికి అనుకూలమే.

ప్రయాణంలో ఏమి మారును?

స్టేషన్లలో ఆగు సమయం కలుపుకొని మెట్రో సగటు వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లుగా లెక్కించినను, ఎం.జి.బి.ఎస్. నుండి చాంద్రాయణగుట్టకు 15 నిమిషాలు పట్టును. పండుగ రోజులలో, పెళ్ళిళ్ళ సీజనులో శాలిబండ రోడ్డుపై బస్సులో చిక్కుకొన్నవారికి ఈ పదిహేను నిమిషాల విలువ వివరించనవసరం లేదు. సమయం తగ్గుట ఒక ఎత్తు, ఎంత సమయం పట్టునో ముందుగా తెలియుట మరొక ఎత్తు. ఉద్యోగికి, విద్యార్థికి, ఆసుపత్రిలో ఓ.పి. వేళకు చేరవలసిన రోగికి రెండవదే ముఖ్యం.

ఆకుపచ్చ మార్గంలోని స్టేషన్ల వరుసను చూచిన ఈ విషయం స్పష్టమగును. ఫలక్‌నుమాలో రైలెక్కిన రోగి మారవలసిన అవసరం లేకుండా నేరుగా గాంధీ ఆసుపత్రి స్టేషనులో దిగవచ్చును. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి పోవు విద్యార్థినికి సుల్తాన్ బజార్ స్టేషను సమీపం. చిక్కడపల్లిలో పోటీ పరీక్షలకు చదువుకొను యువకులకు, నారాయణగూడ కళాశాలలవారికి ఇదే మార్గం. జిల్లాల నుండి ఎం.జి.బి.ఎస్.లో దిగి పాత నగరానికి సరకు కొనుగోలుకు వచ్చు చిల్లర వర్తకులు, సంచులతో ఆటో బేరమాడు అవసరం కొంత తీరును.

హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు పోవువారి స్థితి కొంత భిన్నం. వీరు ఎం.జి.బి.ఎస్. వద్ద ఎరుపు మార్గానికి, అమీర్‌పేట వద్ద నీలి మార్గానికి మారవలెను. లేదా జె.బి.ఎస్. పరేడ్ గ్రౌండ్ వరకు పోయి ఒక్కసారి మారవచ్చును గాని అది చుట్టుదారి. రెండు మార్పులతో కూడిన ప్రయాణాన్ని ద్విచక్ర వాహనదారుడు వెంటనే ఎంచుకొనునని భావించరాదు. ఉదయం, సాయంత్రం వేళలలో అమీర్‌పేట ఇప్పటికే కిక్కిరిసి ఉండును. మూడు బోగీల రైళ్ళతోనే నడుచుచున్న మొదటి దశలో, ఆరు బోగీలకు సరిపోవునట్లు ప్లాట్‌ఫారములు నిర్మించబడియున్నవి. పాత నగర ప్రయాణికులు తోడైన నాడు అదనపు బోగీల ప్రశ్న వాయిదాకు వీలులేనిదగును.

చాంద్రాయణగుట్ట జంక్షన్

ఈ మార్గపు అసలు బలం దాని చివర ఉన్నది. నాగోల్ నుండి ఎల్.బి.నగర్, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, నూతన హైకోర్టు ప్రాంతం మీదుగా విమానాశ్రయానికి పోవు కారిడారు చాంద్రాయణగుట్ట వద్ద ఆకుపచ్చ మార్గంతో కలియును. 2022 డిసెంబరు 9న రాయదుర్గం - శంషాబాద్ మధ్య 31 కిలోమీటర్ల విమానాశ్రయ మెట్రోకు శంకుస్థాపన జరిగినది. 2023 డిసెంబరులో ఏర్పడిన ప్రభుత్వం ఆ ప్రతిపాదనను విరమించి, పాత నగరం, తూర్పు శివార్ల మీదుగా మార్గాన్ని నిర్ణయించినది. దీనివలన సికింద్రాబాదు నుండి విమానాశ్రయానికి పోవు ప్రయాణికుడు ఆకుపచ్చ మార్గంలో బయలుదేరి చాంద్రాయణగుట్ట వద్ద ఒక్కసారి మారిన చాలును. విమానాశ్రయంలో పనిచేయు సిబ్బంది, శుభ్రతా కార్మికులు, సరకు రవాణా విభాగాల ఉద్యోగులకు సైతం ఇది ముఖ్యం. విమానాశ్రయ మెట్రో అనగానే సూట్‌కేసు పట్టుకొన్న ప్రయాణికుడే స్ఫురించును గాని, ప్రతి దినము రెండుసార్లు ఆ దారిన పోవునది ఈ ఉద్యోగులే.

ఫలక్‌నుమా వద్ద దక్షిణ మధ్య రైల్వే నడుపు ఎం.ఎం.టి.ఎస్. స్టేషను కలదు. 2003లో ప్రారంభమైన ఆ సర్వీసులతో మెట్రో స్టేషనును పాదచారుల వంతెన ద్వారా కలిపినచో ఉభయులకూ లాభం.

టికెట్టు, సమయం, చివరి మైలు

2025 మే నెలలో మెట్రో చార్జీలు సవరించగా, కనీస చార్జీ రూ. 12, గరిష్ఠ చార్జీ రూ. 75గా నిర్ణయించి, అదే నెల 24 నుండి పది శాతం రాయితీతో వాటిని రూ. 11, రూ. 69కి తగ్గించినారు. కాగా 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం క్రింద మహిళలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యం కలదు. పాత నగరంలో ఇంటి పనులకు, చిన్న ఉద్యోగాలకు పోవు మహిళలు రోజుకు రానుపోను మెట్రో చార్జీని, ఉచిత బస్సును బేరీజు వేసుకొనకమానరు. మెట్రో నిర్వహణ సంస్థ కూడ ఈ పథకం ప్రభావాన్ని 2024లో బహిరంగంగా ప్రస్తావించినది. వాస్తవానికి ఈ రెండింటిని పోటీదారులుగా చూడనవసరం లేదు. తలాబ్‌కట్ట, ఈదీబజార్, బండ్లగూడ వంటి లోపలి బస్తీల నుండి స్టేషనుకు చిన్న బస్సులు నడిపినచో, బస్సు మెట్రోకు ప్రయాణికులను తెచ్చు సాధనమగును. ఈ ఏర్పాటు మార్గం ప్రారంభమైన తరువాత ఆలోచించదగినది కాదు, స్టేషన్ల నిర్మాణంతోపాటే బస్సులు ఆగు చోటు కేటాయించవలెను.

మరొక స్థానిక విషయం కలదు. చివరి రైలు రాత్రి 11 గంటల ప్రాంతంలో బయలుదేరును. రంజాన్ మాసంలో పాత నగరపు బజార్లు ఆ వేళకు గాని సందడి అందుకొనవు. ఆ నెలలో రాత్రి సర్వీసుల పొడిగింపు కొరకు వినతులు తప్పక రాగలవు.

నిధులు, నిర్వహణ

మొదటి దశకు భిన్నంగా రెండవ దశను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి ఆధ్వర్యంలో చేపట్టుటకు ప్రతిపాదించినారు. అంచనా వ్యయంలో రాష్ట్రం వాటా 30 శాతం (రూ. 7,313 కోట్లు), కేంద్రం వాటా 18 శాతం (రూ. 4,230 కోట్లు), అంతర్జాతీయ ఆర్థిక సంస్థల రుణం 48 శాతం (రూ. 11,693 కోట్లు), మిగిలిన 4 శాతం (రూ. 1,033 కోట్లు) ప్రైవేటు భాగస్వామ్యం. సవివర నివేదికలు 2024 నవంబరులో కేంద్రానికి పంపబడినవి. రుణం సగానికి దగ్గరగా ఉన్నందున, తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి రుణమిచ్చు సంస్థల అంగీకారం ఎంతో కీలకం. ఆ సంస్థలు కేంద్ర ఆమోదాన్ని, పూచీకత్తును చూచిన పిమ్మటనే ముందుకు వచ్చును.

2025 సెప్టెంబరులో మొదటి దశను ఎల్ అండ్ టి నుండి రాష్ట్రప్రభుత్వం స్వాధీనపరచుకొనుటకు సూత్రప్రాయంగా అంగీకారం కుదిరినది. సుమారు రూ. 13,000 కోట్ల రుణభారాన్ని స్వీకరించుటతో పాటు, సంస్థ వాటా నిమిత్తం సుమారు రూ. 2,000 కోట్లు చెల్లించుట ఇందలి ముఖ్యాంశం. పాత మార్గానికి ఒక యాజమాన్యం, కొత్త మార్గానికి మరొకటి ఉన్నచో ఎం.జి.బి.ఎస్. వద్ద రైలు ఆగకుండ ముందుకు పోవుటకు చార్జీల పంపకం, సిగ్నలింగ్ వ్యవస్థ, సిబ్బంది బాధ్యతలపై విడివిడిగా ఒప్పందాలు చేసుకొనవలసి వచ్చెడిది. జె.బి.ఎస్.లో ఎక్కిన ప్రయాణికుడు ఒకే టికెట్టుతో, ఒకే రైలులో చాంద్రాయణగుట్టలో దిగగలుగుట ఈ స్వాధీన ప్రక్రియ పైననే చాలవరకు ఆధారపడియున్నది.